ఆసుపత్రి హాల్లో కూర్చున్నంతసేపూ పాప వణికిపోతోంది. మీ పిల్లలతో ఏం చేశారు?

సంధ్య_గోదారి (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా పాపకి నాలుగున్నరేళ్ళు. మొన్న వానాకాలంలో డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చాం. చేతికి పెట్టిన క్యాన్యులా ఊడిపోవడం, మళ్ళీ పెట్టడం, ప్లేట్‌లెట్ల కోసం రోజూ రక్తం తీయడం. జ్వరం పోయింది కానీ భయం ఉండిపోయింది. ఇప్పుడు ఆ వీధి మలుపు తిరిగితే చాలు, నా చున్నీ గట్టిగా పట్టేసుకుంటుంది.

విచిత్రం ఏంటంటే డాక్టరు గారి గదిలోకి వెళ్ళాక కాస్త నయమే. బయట హాల్లో కూర్చున్నప్పుడే చూడలేకపోతున్నాను. సూదులు వేసే గది తలుపు సరిగ్గా హాల్లోకే తెరుచుకుంటుంది. లోపల ఎవరి పిల్లలు ఏడ్చినా ఇది ఇక్కడ మొదలెడుతుంది. "అమ్మా, నాకు సూదేస్తారా? చెప్పు, వేస్తారా?" అని ఒకటే అడగడం. మా అత్తగారు "వెయ్యరమ్మా, ఊరికే చూసి పంపేస్తారు" అంటారు. నాకేమో ఏమనాలో తెలీదు.

ఇప్పుడు ఈఎన్‌టీ డాక్టరు గారు టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ) తీసెయ్యాలన్నారు. నిద్రలో గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం. కాబట్టి తప్పదు. ముందు రక్తపరీక్షలు, తర్వాత మత్తు డాక్టరు గారి చెకప్, ఆ తర్వాత ఆపరేషన్. అంటే ఇక వరసగా వెయిటింగ్ హాళ్ళే. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఘాటు_గోంగూర (గుంటూరు)

ఫోను చేతిలో పెట్టండి. అయిపోయింది. దీనికి కూడా చర్చేంటండీ?

రజిత_నల్లగొండ

గోంగూరన్నా, ఫోను వద్దంట లేను. కానీ టోకెన్ నంబరు పిలిచినంక చేతుల కెళ్ళి ఫోను గుంజుకోవాలె కదా, అప్పుడు రెండు ఏడుపులు అయితయి. ఫోను పోయిందని ఒకటి, సూదికి ఒకటి. మా బాబుతోని నాకు అదే అయితది. సంధ్యక్కా, ఇంటికాడ పని ఉంది, పొద్దుగూకినంక పెద్దగ రాస్త.

ల్యాబ్_మస్తాన్ (చీరాల)

అమ్మా, నేను రక్తం తీసేవాణ్ణే. మీ పాపలాంటి వాళ్ళని రోజూ చూస్తుంటాను కాబట్టి మా వైపు నుంచి నాలుగు మాటలు.

మొదటిది, వేళ. పొద్దున్నే తెరవగానే రాకండి. ఆ వేళకి ఫాస్టింగ్ షుగరు వాళ్ళంతా టీ కూడా తాగకుండా చిరాగ్గా క్యూలో ఉంటారు. తొమ్మిదిన్నర, పది దాటితే హాలు ఖాళీ అవుతుంది. మళ్ళీ టిఫిను తిన్నాక ఇచ్చే రెండో శాంపిల్ వాళ్ళు వచ్చేస్తారు, వాళ్ళు కూడా వెళ్ళాక పదకొండు ప్రాంతంలో మా చేతులకి తీరిక ఉంటుంది. తీరిక ఉన్నవాడు పిల్లతో రెండు మాటలు మాట్లాడి నరం చూసుకుని మరీ గుచ్చుతాడు.

రెండోది, పరగడుపున తేవద్దు. టాన్సిల్స్ ఆపరేషన్‌కి ముందు రాసేవి మామూలుగా సీబీపీ (రక్తకణాల లెక్క), బ్లడ్ గ్రూపు, బీటీ సీటీ (రక్తం ఎంతసేపటికి ఆగుతుందో, గడ్డకడుతుందో చూసేవి), హెచ్‌ఐవీ, హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి). వీటిలో ఒక్కదానికీ పస్తు అక్కర్లేదు. అయినా రక్తపరీక్ష అనగానే పిల్లకి పాలు కూడా పట్టకుండా తెస్తారు. ఆకలికి ఏడుస్తుందో, భయానికి ఏడుస్తుందో మాకే అర్థం కాదు. చీటీలో ఇంకేమైనా ఉంటే ముందురోజు ల్యాబుకి ఫోన్ చేసి కనుక్కోండి. మంచినీళ్ళు బాగా తాగించండి. నీళ్ళు తాగిన పిల్లకి నరం తేలుతుంది. ఏసీ హాల్లో చేతులు చల్లబడితే నరం దాక్కుంటుంది, అందుకని చెయ్యి మీ చేతుల్లో పెట్టుకుని వెచ్చగా ఉంచండి.

మూడోది, ఈఎన్‌టీ డాక్టరు గారు రాసినవీ మత్తు డాక్టరు గారు అడిగేవీ కలిపి ఒకేసారి తీయించండి. ఇవాళ ఒక పోటు, వారం తర్వాత "ఇంకొకటి మిగిలింది" అని మరో పోటు పెట్టించకండి. ఇంకో సంగతి, బీటీ సీటీకి చాలా ల్యాబుల్లో వేలి మీదో చెవి తమ్మె మీదో విడిగా చిన్న పోటు ఉంటుంది. "ఒక్కటే" అని చెప్పి తెస్తారు, రెండోది చూడగానే పిల్ల మన ఎవ్వరి మాటా నమ్మదు. మీరు వెళ్ళే ల్యాబులో ఎలా చేస్తారో అడిగి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చివరిది. "అంకుల్ మంచోడు, ఏం చెయ్యడు" అనకండి. నేను చేస్తాను కదా! నిమిషం తిరక్కుండా నేను అబద్ధాలకోరునవుతాను, మీరూ అవుతారు.

సిద్దిపేట_పంతులు

నేను రిటైరైన ప్రైమరీ స్కూలు టీచర్ని. మనుమరాలిని దవాఖానకు తోల్కపోయేది నేనే. మస్తాన్ తమ్ముడు చెప్పింది మంచిగున్నది గని, నాకొక అనుమానం. ముందే "సూది ఉంటది బిడ్డా" అని చెప్తే రాత్రంత ఏడుస్తది, బువ్వ తినది. పోయినంక ఎట్లనో అయితది, ముందుగాల ఎందుకు భయపెట్టుడు?

ఫోను సంగతి. బెంచి మీద కూసొని ఆడే ఆటలు మనకు లేవా? కాళ్ళు చాపి "కాళ్ళా గజ్జా" ఆడొచ్చు, ఎదురుబొదురు కూసుంటె చెమ్మచెక్క ఆడొచ్చు. పొడుపుకథలు ఏసుకోవచ్చు. కంటి దవాఖానల సుక్కలేసినంక కండ్లు మూసుకొని చానసేపు కూసోవాలె కదా, అప్పుడు ఏ ఫోను పనికొస్తది? "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అని అడిగిన. కండ్లు మూసుకునే "కండ్లు!" అని అరిసింది. పక్క బెంచి పోరగాండ్లు గూడ జమైన్రు. ఒక్కటే ముచ్చట, పొడుపుకథ మరీ అల్కగ ఉండొద్దు. జర తన్లాడాలె, అప్పుడే మనసు అటు మళ్ళుతది.

శాంతసిస్టర్

పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

అందరూ హాల్లో ఏం చేయాలో రాస్తున్నారు. నేను ఇంటి సంగతి రాస్తాను. "అన్నం తినకపోతే సూదేయిస్తా", "అల్లరి చేస్తే ఇదిగో సిస్టర్‌కి చెప్తా". ఈ మాట నేను ఒక్క డ్యూటీలో ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. సొంత అమ్మానాన్నలే కాదు, హాల్లో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దమ్మలు కూడా అంటారు. ఏడాది పొడుగునా సూదిని శిక్ష అని నేర్పి, ఆ రోజు మాత్రం "ఇది నీ మంచికే నాన్నా" అంటే ఏ పిల్లాడు నమ్ముతాడు? వాడు పైగా "నేనేం తప్పు చేశాను" అని ఆలోచిస్తుంటాడు. పెళ్ళిళ్ళలో పట్టుచీర కట్టుకుని ఉన్నా పిల్లలు నన్ను గుర్తుపట్టి వాళ్ళ నాన్నల వెనక దాక్కుంటారు. నవ్వొస్తుంది, బాధా వేస్తుంది.

సంధ్య గారూ, ఇంట్లో ఆసుపత్రి ఆట ఆడించండి. పాప డాక్టరు, మీరు పేషెంటు. సూది లేని కొత్త సిరంజి మందుల షాపులో దొరుకుతుంది. బొమ్మకి దూది, టేపు వేయించండి. హాలు కూడా ఆడండి, అది ముఖ్యం. కుర్చీలు వరసగా వేసి, చీటీ మీద నంబరు రాసి, "పన్నెండో నంబరు రావాలి" అని పిలిపించండి. పాప ఆట మధ్యలో బొమ్మని గట్టిగా కొట్టినా, పదేపదే సూదులు పొడిచినా ఆపకండి. లోపలున్నది అలా బయటికి రానివ్వండి.

హాల్లోకి సబ్బునీళ్ళ బుడగల డబ్బా ఒకటి తీసుకెళ్ళండి. బుడగ ఊదాలంటే ఊపిరి మెల్లగా, పొడుగ్గా వదలాలి. అలా వదులుతుంటే ఒళ్ళు దానంతటదే వదులవుతుంది. నేల తడిసి జారకుండా ఒక మూలకి వెళ్ళి ఊదండి, లేకపోతే మా ఆయాలు నన్ను తిడతారు. కాగితం గాలిమర అయినా చాలు.

వార్డులో మేం గ్లౌజు ఊది, పెన్నుతో కళ్ళు గీసి కోడిపుంజు చేసిస్తుంటాం. అది కనిపిస్తే సగం మంది ఏడుపు ఆపేస్తారు.

ఫ్రిస్కో_నాన్న (టెక్సస్)

శాంత గారు చెప్పిన బొమ్మల ఆట ఇక్కడ ఏకంగా ఒక ఉద్యోగం. పిల్లల ఆసుపత్రుల్లో చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అని ఉంటారు. డాక్టరూ కాదు, నర్సూ కాదు. పిల్లలకి జరగబోయేది ఆటలో చెప్పి సిద్ధం చేయడమే వాళ్ళ పని. 1955లో క్లీవ్‌లాండ్ సిటీ హాస్పిటల్లో ఎమ్మా ప్లాంక్ అనే ఆవిడ మొదలుపెట్టిన ఇలాంటి కార్యక్రమం ఈ వృత్తికి పునాదుల్లో ఒకటి.

మా వాడు మోచెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు హాల్లోకి ఒకావిడ వచ్చి నేల మీద కూర్చుంది. వాడి కళ్ళ ఎత్తుకి. బట్టతో కుట్టిన మొహం లేని బొమ్మ ఇచ్చి మొహం గీయమంది. ఎక్స్‌రే గది ఫోటోలు చూపించింది. తర్వాత "నీకో పని ఇస్తున్నాను. చెయ్యి కదపకుండా విగ్రహంలా ఉంచడం. ఏడవచ్చు, అరవచ్చు, చెయ్యి మాత్రం కదపకూడదు" అంది. ఏడవచ్చు అని ఎవరైనా అనుమతి ఇవ్వడం వాడికి అదే మొదటిసారి అనుకుంటా, బిత్తరపోయి చూశాడు. మనం "మగపిల్లాడివి, ఏడవకూడదు" అంటాం కదా.

ఎంఆర్‌ఐ చేయించాల్సిన వాళ్ళు ఎవరైనా ఉంటే ఇంకో విషయం. జీఈ కంపెనీలో స్కానర్లు డిజైన్ చేసే డగ్ డీట్జ్ అనే ఆయన తన మెషీన్ చూసి ఒక చిన్నపిల్ల ఏడవడం కళ్ళారా చూశాడు. తర్వాత పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రితో కలిసి స్కాన్ గదిని దొంగల ఓడలా, మెషీన్ చప్పుడుని కథలో భాగంలా మార్చేశారు. మెషీన్ అదే, లోపల భాగాలు ఏవీ మారలేదు. మత్తు ఇవ్వాల్సిన పిల్లలు తగ్గారు. ఇంట్లోనే చేసుకోగలిగింది ఏంటంటే, ఎంఆర్‌ఐ చప్పుడు యూట్యూబులో వినిపించి, బల్ల కింద కదలకుండా పడుకునే పోటీ పెట్టండి.

ఇక్కడ అంతా స్వర్గం అనుకోకండి. ఎమర్జెన్సీలో గంటలు గంటలు కూర్చోబెడతారు, తర్వాత వచ్చే బిల్లుకి పెద్దవాళ్ళకి కౌన్సెలింగ్ కావాలి.

ఘాటు_గోంగూర

అదీ సంగతి. అమెరికాలో ఆడించడానికి జీతమిచ్చి మనిషిని పెడతారు. ఇక్కడ డాక్టరు గారే ఒక పూటలో వంద మందిని చూస్తారు, సిస్టర్ ఒక్కరే ఉంటారు. నేల మీద కూర్చుని బొమ్మ గీయించడానికి తీరికెవరికుంది? అందుకే ఫోను అన్నాను. నేనేం పిల్లల శత్రువుని కాదు.

శాంతసిస్టర్

గోంగూర గారూ, మీరన్నది నిజమే, మాకు తీరిక లేదు. కానీ సూది గది తలుపు మూయడానికి తీరిక అక్కర్లేదు కదండీ. లోపలి పిల్లని ఇంకో దారిలో బయటికి పంపితే హాల్లోవాళ్ళకి ఆ ఏడుపు మొహం కనిపించదు. "ఇంకా ఐదుగురు ఉన్నారమ్మా" అని ఒక మాట చెప్తే తల్లి కుదుటపడుతుంది, తల్లి ఒళ్ళో ఉన్న బిడ్డా కుదుటపడుతుంది. మా దగ్గర నేను చేయగలిగింది ఇంతే, చేస్తున్నాను.

కర్నూలు_పిల్లల_డాక్టర్

పంతులు గారి ప్రశ్న అసలైన ప్రశ్న. ఎప్పుడు చెప్పాలి?

నా లెక్క ఇది. మూడు నాలుగేళ్ళ పిల్లకి రక్తపరీక్ష సంగతి ఆ రోజు పొద్దున చెప్తే చాలు. వాళ్ళకి "వచ్చే బుధవారం" అంటే ఏమీ తెలీదు, భయం ఒక్కటే మిగులుతుంది. ఆపరేషన్ లాంటి పెద్దదైతే రెండు మూడు రోజుల ముందు. ఏడెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి వారం ముందే చెప్పాల, వాళ్ళకి ప్రశ్నలుంటాయి, పెద్దలు గుసగుసలాడేది వినేస్తారు కూడా. ఎప్పుడు చెప్పినా అబద్ధం మాత్రం వద్దు పంతులు గారూ. ఒకసారి "సూది లేదు" అని తీసుకొచ్చి వేయిస్తే, ఆ తర్వాత గొంతు చూడ్డానికి టార్చి తీసినా పిల్ల నోరు తెరవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకాల నొప్పి తగ్గించడం గురించి ఇచ్చిన సూచనల్లో కూడా "నొప్పి ఉండదు" లాంటి అబద్ధాలు వద్దని ఉంది. "అబ్బో, చాలా నొప్పి" అని బెదరగొట్టడమూ వద్దు. "చురుక్కుమంటుంది, మూడు అంకెలు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనేది నేను వాడే మాట.

సంధ్యమ్మా, మీ పాప మాటిమాటికీ "వేస్తారా" అని అడగడం మొండితనం కాదు. హాల్లో కూర్చున్నప్పుడు తనకి తెలియంది అదొక్కటే కాబట్టి అడుగుతోంది. జవాబు ఒక్కటే ఉంచండి, ప్రతిసారీ అదే చెప్పండి. "ఇవాళ లేదు, గొంతు మాత్రమే చూస్తారు" లేదా "ఇవాళ ఉంది, నా ఒళ్ళోనే కూర్చుంటావు". నిజంగా తెలియకపోతే "నాకూ తెలీదు, ఇద్దరం కలిసి డాక్టరు గారిని అడుగుదాం" అనండి. అత్తగారితో కూడా ఒకే మాట అనిపించండి.

తను ఎంచుకోగలిగేవి ఎంచుకోనివ్వండి. ఏ చెయ్యి? చూస్తావా, కళ్ళు మూసుకుంటావా? ఏ రంగు ప్లాస్టరు? కానీ "సూది వేయించుకుంటావా" అని మాత్రం అడగకండి. వద్దంటే ఏం చేస్తారు?

నొప్పి నిజంగా తగ్గించేదీ ఉంది. లిడోకెయిన్, ప్రైలోకెయిన్ చెరి 2.5 శాతం కలిసిన తిమ్మిరి క్రీము. గుచ్చే చోట మందంగా రాసి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టరు అతికించి కనీసం గంట ఉంచాల. పది నిమిషాల ముందు రాస్తే ఏం లాభం లేదు. హాల్లో ఎలాగూ గంట కూర్చుంటారు కదా, ఆ గంటే దీనికి సరిపోతుంది. నెలల పిల్లలకి, జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైమ్ లోపం) ఉన్నవాళ్ళకి, పుండు పడిన చర్మానికి మాత్రం సొంతంగా వాడొద్దు. మీ డాక్టరు గారితో చీటీ రాయించుకోండి.

శాంత సిస్టరు గారి కోడిపుంజు మీద ఒక అభ్యంతరం. పగిలిన గ్లౌజు ముక్క నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడుతుంది. పెద్ద పిల్లలకి సరే, అదీ మన కళ్ళ ముందే. మూడేళ్ళలోపు వాళ్ళకి వద్దు.

ల్యాబ్_మస్తాన్

డాక్టరు గారు చెప్పిన క్రీముకి మా తరఫున ఒక చేర్పు. అది రాసిన చోట చర్మం తెల్లబడి నరం కాస్త ముడుచుకుంటుంది. గుచ్చడానికి ఐదు పది నిమిషాల ముందే తుడిచేస్తే మళ్ళీ తేలుతుంది. రెండు చేతులకీ రాయండి, ఒక చేతికి నరం దొరక్కపోతే రెండోది ఉంటుంది. ఎక్కడ రాయాలో ముందే ల్యాబులో చుక్క పెట్టించుకుంటే మరీ మంచిది.

ఇంకోటి, పాపని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం వద్దు. మీ ఒళ్ళో మీ వైపు తిరిగి కూర్చోవాలి, కాళ్ళు మీ నడుం చుట్టూ, గుచ్చే చెయ్యి మీ చంక కింద నుంచి వెనక్కి రావాలి. మీ వీపు వెనకే మా బల్ల. తనకి మీ మొహం కనిపిస్తుంది, నా చెయ్యి కనిపించదు.

పర్యవేక్షకుడు

మందుల మోతాదులు ఇక్కడ అడగవద్దు, రాయవద్దు. నిద్ర సిరప్ "ఎన్ని ఎంఎల్" అని అడిగిన వ్యాఖ్య తీసేశాం. ఈఈజీ (మెదడు పరీక్ష), బెరా (వినికిడి పరీక్ష) లాంటి వాటికి ఇచ్చే నిద్ర మందులు కూడా డాక్టరు పర్యవేక్షణలోనే ఇవ్వాలి, ప్రయాణం మొదలయ్యే ముందు ఇంట్లో పట్టించి బయల్దేరకండి.

రజిత_నల్లగొండ

ఇప్పుడు తీరిక దొరికింది. మా బాబుకు ఆటిజం. ఎనిమిదేండ్లు. దవాఖాన హాలంటే మాకు సూది కంటే పెద్ద గండం. ట్యూబులైటు గుయ్యిమంటది, టీవీల వార్తలు మొత్తుకుంటయి, ఫినాయిల్ వాసన, మైకుల పేర్లు పిలుసుడు. మిగిలినోళ్ళకు వినబడనివి కూడ మావోనికి వినబడ్తయి. చెవులు మూసుకొని ఊగుతుంటె పక్కోళ్ళు "పిల్లగానికి ఏమైందమ్మా" అని అడుగుడు వేరే.

మేం ఏం జేస్తమంటె, ముందురోజు ఫోన్ చేసి మొదటి టోకెనన్న అడుగుతం, లేకుంటె ఆఖరిదన్న. లోపల కూసోం. చీటీ రాయించుకొని, ఆయమ్మ ఫోన్ నంబరు తీసుకొని, బయట వేపచెట్టు కింద నిలబడ్తం. మావోని ముందు ఇద్దరే ఉన్నరనంగ ఫోన్ కొట్టుమంటం. చానమంది ఒప్పుకుంటరు, మనమే అడగం. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెడ్తం, పాటలకు కాదు, సప్పుడు ఆగెతందుకు.

ఫోటోలతోని చిన్న పుస్తకం చేసిన. గేటు, చీటీ రాసే కిటికీ, కుర్చీలు, డాక్టరు గది, తిరిగి ఇల్లు. ఒక్కో పేజీకి ఒక్క ఫోటో, ఒక్క వాక్యం. రోజు పండుకునే ముందు సదువుతం. ఇల్లు ఫోటో ఆఖరున తప్పక ఉండాలె, లేకుంటె "ఈడనే ఉండిపోతమా" అనుకుంటడు. సంధ్యక్కా, ఇది మీ పాపకు కూడ పనికొస్తది.

జిల్లా దవాఖానల్ల డీఈఐసీ సెంటర్లు (పిల్లల ఎదుగుదల లోపాలు తొందరగ గుర్తుపట్టి సాయం చేసేటివి) ఉన్నయి కదా, 2013ల వచ్చిన పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద పెట్టినయి. మా జిల్లాల దాంట్ల పిల్లల ఈడుకు తగ్గ బొమ్మలు, రంగుల గోడలున్నయి. పనేం లేనప్పుడు గూడ అటు తీస్కపోయి ఆడిపిచ్చుకొస్తం. దవాఖానకు పోయినప్పుడల్లా ఏదో ఒకటి చేస్తరు అనేది పోవాలె కదా.

కట్టడం_కిరణ్ (విశాఖ)

ఆసుపత్రులకి లోపలి డిజైన్ చేస్తుంటాను. ఏ యజమానైనా ముందు అడిగేది గోడ మీద కార్టూన్ బొమ్మలు. నేను ముందు అడిగేది సూది గది ఎక్కడ, దాని తలుపు ఎటు అని. గోడంతా ఏనుగులు, కుందేళ్ళు వేసి వాటి పక్కనుంచే కేకలు వినిపిస్తుంటే ఏం లాభం? తలుపు హాల్లోకి కాకుండా పక్క నడవలోకి ఉండాలి, తనంతట తనే మూసుకునేలా దానికో స్ప్రింగు ఉండాలి. ఖర్చు ఎంతని?

రెండోది టీవీ. ప్రమాదాలు, రక్తాలు చూపించే వార్తల చానల్ పిల్లల ఓపీలో ఎందుకో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. చేపల తొట్టి పెట్టండి అంటే శుభ్రం చేసేదెవరు అంటారు, అదీ నిజమే. మెత్తటి దూది బొమ్మలు మాత్రం వద్దు, అవి కడగలేరు, ఒకరి జలుబు ఇంకొకరికి. తుడవగలిగే ప్లాస్టిక్కో, గోడకి బిగించిన చెక్క ఆటలో మేలు.

కర్నూలు_పిల్లల_డాక్టర్

కిరణ్ గారి మాటకి తోడుగా. జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు ఉంటే హాల్లోకి రాకముందే ఫోన్ చేయండి. తట్టు వైరసు, ఆ పిల్లవాడు వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గది గాలిలో ఉండగలదు. సంధ్యమ్మా, మీకు ఇంకో కారణం ఉంది. ఆపరేషన్ ముందు పాపకి జలుబో దగ్గో పట్టుకుంటే మత్తు డాక్టరు వాయిదా వేస్తారు, ఈ భయమంతా మళ్ళీ మొదటి నుంచి. కాబట్టి అదే వేపచెట్టు పద్ధతి మీరూ పాటించండి.

సంధ్య_గోదారి

అందరికీ చేతులెత్తి నమస్కారం. రక్తపరీక్షలు అయ్యాయి. క్రీము ఇంట్లోనే రాసి బయల్దేరాం, మస్తాన్ గారు చెప్పిన వేళకే వెళ్ళాం. ఏడవలేదు అని రాయాలని ఉంది కానీ ఏడ్చింది. గట్టిగానే. అయితే హాల్లో ఏడవలేదు! లోపలికెళ్ళాక, దూది తడి తగలగానే ఏడ్చింది. వేలి పోటు సంగతి ముందే చెప్పాను కాబట్టి "ఇంకొకటి ఉంది కదా" అని తనే అంది. తిరిగొస్తూ ఆటోలో వాళ్ళ నాయనమ్మకి "సూది ఉంటే ఉందని చెప్పాలి" అని పాఠం చెప్పింది. ఆవిడ మొహం చూడాల్సింది.

ఇప్పుడు ఆపరేషన్ రోజు. పొద్దున్నుంచీ ఏమీ పెట్టకూడదు అంటున్నారు. ఆకలితో ఆ హాల్లో ఎలా ఉంచను? నన్ను లోపలిదాకా రానిస్తారా?

కర్నూలు_పిల్లల_డాక్టర్

చెకప్ రోజున మత్తు డాక్టరు గారిని ఈ నాలుగూ అడగండి.

ఒకటి, లిస్టులో పాపని మొదట పెట్టమని. చిన్నపిల్లల్ని ముందు చేయడం మామూలే. రెండు, సరిగ్గా ఎన్నింటి దాకా ఏమివ్వొచ్చో గంటలతో రాయించుకోండి. సాధారణంగా అన్నం, టిఫిను, ఆవుపాలు ఆరు గంటల ముందు ఆపాల, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. "రాత్రి పన్నెండు తర్వాత ఏమీ వద్దు" అని ఊరికే అనేస్తుంటారు, మరి నీళ్ళ సంగతి? అని విడిగా అడగండి. పాలు, మజ్జిగ ఎంత పల్చగా ఉన్నా నీళ్ళ లెక్కలోకి రావు. "ఏడుస్తోంది కదా" అని అమ్మమ్మలు చాటుగా బిస్కెట్ పెట్టేస్తారు, అది ప్రమాదం. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోగలదు. ఆ రోజు పాప ముందు ఇంట్లో ఎవరూ తినొద్దు.

మూడు, గ్యాస్ ఇచ్చే ప్లాస్టిక్ మాస్కు ఒకటి ఇంటికివ్వమని. బొమ్మకి పెట్టి, తనకి పెట్టుకుని, బుడగలు ఊదినట్టు ఊది అలవాటు చేసుకుంటుంది. నాలుగు, మీరు లోపలికి రావడం. ఇది ఆసుపత్రిని బట్టి ఉంటుంది. రానివ్వకపోతే తలుపు దాకా రండి. వాళ్ళు అవసరమనుకుంటే ముందే తాగడానికి మత్తుమందు ఇస్తారు, తూగుతూ లోపలికి వెళ్తుంది.

ఇంగ్లండులో ఒకప్పుడు పిల్లల్ని ఆసుపత్రిలో వదిలి తల్లిదండ్రులు వెళ్ళిపోవాల్సిందే, చాలాచోట్ల వారానికి కొన్ని గంటలే చూడనిచ్చేవాళ్ళు. 1959లో ఆసుపత్రుల్లో పిల్లల బాగోగుల మీద ప్లాట్ కమిటీ నివేదిక వచ్చాక మెల్లగా మారింది. మన వార్డుల్లో తల్లి బిడ్డ మంచం మీదే పడుకోవడం ఎప్పుడూ ఉన్నదే, ఆ విషయంలో మనం నయం. ఆపరేషన్ గది తలుపు దగ్గర మాత్రం ఇంకా బతిమాలుకోవాల్సి వస్తోంది.

శాంతసిస్టర్

ఒకటి చెప్పడం మర్చిపోయారు డాక్టరు గారు. మత్తు దిగేటప్పుడు కొందరు పిల్లలు గింజుకుంటారు, అమ్మని కూడా గుర్తుపట్టనట్టు అరుస్తారు. కాసేపటికి తగ్గుతుంది, తర్వాత వాళ్ళకి గుర్తుండదు. ముందే తెలిస్తే మీరు బెంబేలు పడరు. పాప బొమ్మకి కూడా చేతికి పట్టీ కట్టి పక్కన పెట్టండి.

సంధ్య_గోదారి

ఆపరేషన్ బాగా జరిగింది. మొదటి నంబరు ఇచ్చారు. నన్ను లోపలికి రానివ్వలేదు, తలుపు దాకానే. మాస్కు తన సొంతదే తీసుకెళ్ళింది, సిస్టర్ మాస్కు వద్దంది. ఇంటికొచ్చాం, ఐస్‌క్రీం తింటోంది. ఈ రోజు నాకు నంబరు చీటీ ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది, చాలాసేపు పిలవలేదు.

ఘాటు_గోంగూర

సంతోషమండీ. ఒక చిన్న సంగతి. మా బుడ్డోడికి తొమ్మిది నెలలు నిండాయి, బుధవారం పీహెచ్‌సీలో తట్టు టీకా. వాడికి పొడుపుకథలూ రావు, బుడగలూ ఊదలేడు. క్రీము సొంతంగా వద్దన్నారు. వాడికేంటి మరి?

శాంతసిస్టర్

తల్లిపాలు తాగుతున్నాడా? అయితే టీకా ముందు నుంచే వాళ్ళమ్మ పాలు పట్టడం మొదలెట్టాలి, సూది పడేటప్పుడూ తాగుతూనే ఉండాలి. అడ్డంగా వస్త్రం కప్పుకుంటే చాలు, ఏఎన్‌ఎం ఏమీ అనుకోరు. ఒకటి కంటే ఎక్కువ టీకాలుంటే బాగా మండేదాన్ని చివర్న వేయమనండి. మీరు ఎదురుగా నిలబడి గిలక్కాయ ఊపండి, ఫోను వద్దు!

ఘాటు_గోంగూర

గిలక్కాయే తెస్తానండీ.